గునుగు సాగు

బాలమల్లుకు ఈ లోకంలో శత్రువంటూ ఉంటే అది చేన్లో మొలిచే గునుగు ఒక్కటే. మనుషుల్లో ఆయనకు పగవాళ్ళు లేరు. పాలివాళ్ళతో గట్టు తగాదా వచ్చినా నాలుగు తిట్లు తిట్టుకుని మర్నాటికల్లా టీకొట్టు దగ్గర కలిసిపోయే మనిషి. గునుగుతో మాత్రం రాజీ లేదు. బాటసింగారంలో హైవేకు కాస్త లోపలగా ఉన్న ఎకరం పది గుంటల్లో పత్తి పెట్టిన ప్రతి యేడూ, పత్తి జానెడు లేచేసరికి గునుగు మూరెడు లేచేది. ఎద్దులున్న రోజుల్లో గుంటుక తోలాడు. కూలీలను పెట్టి పీకించాడు. చివరికి గడ్డిమందు పట్టుకొచ్చి ఆరేళ్ళు వదలకుండా కొట్టాడు. ఏడో యేడు చేనులో కలుపన్నది లేదు. ఆ యేడు పత్తి కూడా లేదు, అది వేరే సంగతి.

పత్తి పోవడానికి కారణం వాన. మృగశిరలో రావాల్సింది ఆరుద్ర దాటినా రాలేదు. రెండుసార్లు పెట్టిన గింజ మట్టిలోనే మాడిపోయింది. మూడోసారి పెట్టింది ఎలాగో లేచి, పూత పట్టి, కాయ పగిలే వేళకు ఎనిమిది రోజుల ముసురు పట్టింది. పత్తి చెట్టు మీదే నల్లబడింది, కాయలోనే గింజ మొలకెత్తింది. అంతకు ముందు యేడు ఎండకు పోయింది. ఆ ముందు యేడు గాలివానకు పోయింది. తాతల నాటి కార్తెల లెక్క బాలమల్లుకు నోటికి వచ్చు. వాన ఆ లెక్క మరిచిపోయిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కొడుకు జైపాల్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పెళ్ళాంతో ఎల్‌బీ నగర్‌లో కిరాయికి ఉంటాడు. ఆ ఆదివారం బండేసుకొని వచ్చి, నల్లబడిన పత్తి చేను గట్టు మీద నిలబడి మనసులో మాట బయటపెట్టాడు.

"నాయినా, మూడేండ్ల సంది ఈ భూమి మనకు పెట్టింది లేదు, మనమే దానికి పెడ్తున్నం. మామిడి సీజన్ల పండ్ల మార్కెట్‌కొచ్చే లారీలు ఆపుకోను జాగ లేక పరేషాన్ అయితున్నరు. ట్రాన్స్‌పోర్టాయన నన్ను అడిగిండు. కాంక్రీటు పోసిస్తే నెలనెలా కిరాయి. వానొచ్చినా కిరాయే, రాకున్నా కిరాయే."

"కాంక్రీటు పోస్తే భూమి సచ్చిపోతదిరా."

"ఇప్పుడేమన్న బతికున్నదా?"

కొడుకు అన్నదాంట్లో అబద్ధం లేదు, అందుకే బాలమల్లుకు మండింది. "ఒక్క యేడు ఆగు," అన్నాడు. "వచ్చే యేడు సద్దుల బతుకమ్మ దాకా. అప్పటికి ఈ భూమి మీద పంట తీసి చూపియ్యకుంటే నీ ఇష్టం, సిమెంటు పోసుకుంటవో తారు పోసుకుంటవో." ఏ పంట తీస్తాడో ఆయనకే తెలియదు. రైతు కాబట్టి ముందు మాట ఇచ్చి తర్వాత ఆకాశం వైపు చూశాడు.

ఆ వారమే సద్దుల బతుకమ్మ, తొమ్మిది రోజుల పూల పండగకు ఆఖరి రోజు. కోడలు శ్రీకళ పూల కోసమని మామను వెంటబెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ పోయింది. మెట్రో పిల్లర్ల కింద ఫుట్‌పాత్ పొడుగునా పూల రాశులు. బంతి, చామంతి, తంగేడు, కట్టలు కట్టిన గునుగు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. బాలమల్లు జన్మలో పూలు కొన్నవాడు కాదు. చిన్నప్పుడు పండగ పొద్దున గోనెసంచి పట్టుకొని పోతే ఎవరి చేనులోనైనా దొరికేవి. పుణ్యానికి పీకిపెట్టినందుకు ఆ చేను ఆసామి సంతోషపడేవాడు కూడా.

"కట్ట ఎంతమ్మా?" అని శ్రీకళ అడిగింది.

"యాభై."

"యాభయ్యా!" బాలమల్లు గొంతు లేచింది. "గడ్డికి యాభై రూపాలా?"

పూలమ్మే ఆవిడ ఆయనను పైనుంచి కింది దాకా చూసింది. "గడ్డయితే నువ్వే పీక్కరాకపోయినవా తాతా?" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. శ్రీకళ నాలుగు కట్టలు తీసుకుంది. బాలమల్లుకు నవ్వు రాలేదు. నలభై ఏళ్ళుగా కూలి ఇచ్చి పీకించి గట్టు మీద పారేసిన గునుగంతా కళ్ళ ముందు కట్టలు కట్టుకొని నిలబడింది.

ఇంటికి చేరాక పెళ్ళాం పూలమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. "వచ్చే యేడు మనం గునుగు పెడ్తున్నం."

పూలమ్మ నవ్వింది. ఆపుదామనుకుంది గానీ ఆగలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "గునుగు పెట్టుడేందయ్యా? ఊరు ఊరంత ఉమ్మేస్తది నీ మీద."

"ఉమ్మనీ. అది ఎండకు సావదు, వానకు సావదు, ఎరువడగది, పురుగు ముట్టది. అసుంటి పంట ఇంకోటి సూపెట్టు. నేను ఆరేండ్లు మందు కొట్టినా..." అని, మధ్యలో ఆగిపోయాడు. మందు కొట్టినా చావలేదని అనబోయాడు. చచ్చింది కదా!

ఆయన చేనులో గునుగు గింజ ఒక్కటి లేదు. పక్క చేన్లలోనూ లేదు, వాళ్ళూ అదే మందు కొట్టారు. పీకేయడానికి లెక్కలేనంత ఉన్న మొక్క, పెట్టుకుందామంటే విత్తనానికి కూడా కరువైంది. కార్తీకమాసంలో సంచి చంకన పెట్టుకొని రెండు మూడు ఊళ్ళు తిరిగి, చివరికి ఒక రియల్ ఎస్టేట్ వెంచర్‌లో కనుక్కున్నాడు. హద్దురాళ్ళ నడుమ, ఎవరూ ఇల్లు కట్టని ప్లాట్లలో, గునుగూ తంగేడూ పల్లేరూ తమ ఇష్టమొచ్చినట్టు పెరిగాయి. సీతాకోకచిలుకలు కూడా అక్కడే కాపురం పెట్టాయి. ఎండిన కంకులు దులుపుతుంటే నల్లగా, నిగనిగలాడుతూ సన్న గింజలు రాలాయి. అంతలో వాచ్‌మన్ కర్ర పట్టుకొని వచ్చాడు.

"ఏం తాతా, ప్లాట్ కొంటవా?"

"విత్తనాలకొచ్చిన."

"ఏం విత్తనాలు?"

గునుగు అని చెప్పడానికి బాలమల్లుకు నోరు రాలేదు. "మందుకు. దగ్గుమందుకు," అన్నాడు.

వాచ్‌మన్ కర్ర దించాడు. తన పెళ్ళానికి నెల్నాళ్ళుగా దగ్గేనట, దోసిలి పట్టాడు. బాలమల్లు పిడికెడు గింజలు ఆ దోసిట్లో పోసి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి అని చెప్పి బయటపడ్డాడు.

మృగశిర వచ్చింది. వాన రాలేదు. బాలమల్లు దుక్కి దున్నించి, పశువుల ఎరువు తోలించి, తువ్వాలు తలకు చుట్టి కూర్చున్నాడు. ఆరుద్ర పోయింది. పునర్వసు పోయింది. "నువ్వెన్నడన్న ముహూర్తం పెడితే మొలిసిందా అది?" అని పూలమ్మ దెప్పింది. "నీకు కోపమొచ్చినప్పుడల్ల మొలిసేది. జర కోపం తెచ్చుకో." ఆయనకు నిజంగానే కోపమొచ్చి ట్యాంకర్ తెప్పించాడు. పత్తికి ఏనాడూ తెప్పించని ట్యాంకర్‌ను గునుగుకు తెప్పించాడని ఊళ్ళో పది రోజులు చెప్పుకున్నారు.

శ్రావణం మొదట్లో మొలిచింది. ఇక ఆయన మురిపెం చూడాలి! తెల్లారకముందే చేనులో ఉండేవాడు. వంగి వంగి కలుపు తీసేవాడు. ఎక్కడో ఒక పాత పత్తి గింజ మొలిచి రెండాకులు చూపిస్తే, "ఇది ఎక్కడి దరిద్రం" అని పీకి గట్టు మీద పారేశాడు. ఎవరి అలవాటు వాళ్ళది.

అంతటితో ఆగితే బాగుండేది. మొక్క పాలిపోయినట్టు కనబడిందని యూరియా వేద్దామనుకున్నాడు. ఆ యేడు యూరియా దొరకడమంటే మాటలు కాదు. పొద్దున్నే పోయి లైన్లో చెప్పులు విడిచిపెట్టి, ఆ చెప్పులు ముందుకు జరిగేదాకా చెట్టు నీడన కూర్చోవాలి. పక్కనున్నాయన ఏం పంటని అడిగితే బాలమల్లు "వరి" అన్నాడు. రెండు బస్తాలు దొరికాయి. రెండూ చల్లాడు. జన్మలో ఎవరూ పట్టెడు ఎరువు పెట్టని గునుగు ఆ తిండికి పొంగిపోయి నడుము దాటింది, ఛాతీ దాకా వచ్చింది. ఆకులు అరచేతులంత. పచ్చగా, బలంగా, కళ్ళు చెదిరేలా పెరిగింది.

అప్పుడే వ్యవసాయ విస్తరణ అధికారి గంగాధరరావు పంటల నమోదుకని ట్యాబ్ పట్టుకొని వచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి నాగోల్‌లో స్థిరపడ్డ మనిషి, మాట మెత్తన.

"ఏవిటండీ బాలమల్లు గారూ, తోటకూరా?"

"గునుగు, సారూ."

గంగాధరరావు ట్యాబ్‌లో పైకీ కిందికీ వెతికాడు. "ఇందులో గునుగు లేదండీ. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు పోదు. బంతి అని నొక్కేస్తాను, ఏమనుకోకండి." నొక్కాక ఆయన ముఖం వెలిగింది. "ఆగండాగండి. మారిన వాతావరణానికి రైతులు ఎలా ఎదురు నిలుస్తున్నారో రాసి పంపమని పైవాళ్ళు మూడు నెలలుగా నా ప్రాణం తీస్తున్నారు. మీరు చేసింది అదే కదండీ! కొంచెం నవ్వండి." ఫోటో తీసుకొని పోయాడు. బాలమల్లుకు ఒళ్ళు పులకరించింది.

భాద్రపదం సగమైంది. వెంచర్‌లో రాళ్ళ నడుమ ఎవరూ పట్టించుకోని గునుగు ఎర్రగా తెల్లగా పూసింది. బాలమల్లు గునుగు పూయలేదు. తిన్న తిండికి ఆకులే ఆకులు. అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలైంది. ఆయన వరస వరసలో నిలబడి ఒక్కొక్క కొసను వేళ్ళతో విప్పి చూశాడు, మొగ్గ జాడ లేదు. ఆ మర్నాటి నుంచి వాన. అడిగినప్పుడు రాని వాన, వద్దన్నప్పుడు ఆరు రోజులు. పల్లపు మడిలో నీళ్ళు నిలబడి మొక్కల మొదళ్ళు కుళ్ళాయి.

సద్దుల నాడు కొడవలి పట్టుకొని పోయి చేనంతా వెతికితే ముప్పై కంకులు దొరికాయి. వాటిని తువ్వాల్లో చుట్టుకొని, బస్సెక్కి, ఎల్‌బీ నగర్‌లో కొడుకింటికి పోయాడు. శ్రీకళ అప్పటికే బజారు గునుగుతో బతుకమ్మ పేర్చడం మొదలుపెట్టింది. మామను చూసి, చేతిలోని కట్టను గబుక్కున తాంబాలం కింద దాచింది. "మీదే పైవరుసల పెడ్త మామా," అంది. జైపాల్ ఏమీ అనలేదు. మంచివాడు కాబట్టి అనలేదు. తిట్టినా బాగుండేదని బాలమల్లుకు అనిపించింది. అపార్ట్‌మెంట్ మిద్దె మీద ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే ఆయన నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఏడ్చాడు. గునుగు కోసం ఏడ్చిన మొదటి రైతు ఆయనే అయ్యుంటాడు.

దీపావళి తర్వాత పొక్లెయిన్ తెస్తానని ట్రాన్స్‌పోర్టాయన కబురు పంపాడు.

సద్దులు పోయిన పన్నెండో రోజున గునుగు పూసింది. మూకుమ్మడిగా పూసింది. ఎకరం పది గుంటల్లో పల్లపు మడి పోగా మిగిలినదంతా గులాబి రంగు. ఎక్కడెక్కడి తేనెటీగలో వచ్చాయి. ఆరేళ్ళుగా కనబడని పిట్టలు వచ్చాయి. కొనేవాడు మాత్రం రాలేదు. పండగ దాటిన గునుగును దిల్‌సుఖ్‌నగర్‌లో ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు. బాలమల్లు గట్టు మీద కూర్చొని, "ఇప్పుడు పూసి ఎవల్ని ఉద్ధరిస్తవే?" అని తిట్టాడు. తిడుతూనే కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

చివరిసారి చూసిపోదామని వచ్చిన శ్రీకళ, అత్తమ్మను ఆ పూల నడుమ నిలబెట్టి వీడియో తీసి నెట్‌లో పెట్టింది. అంతే! ఆదివారానికి గట్టు పొడుగునా కార్లు. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు, గొడుగులూ లైట్లూ మోసుకొచ్చే కెమెరావాళ్ళు. ఒక గంటకు ఇంతని వాళ్ళే రేటు చెప్పారు. జైపాల్ ముఖం విప్పారింది.

"నాయినా, పంటొచ్చింది!"

"ఏం పంటరా? ఒక్క కట్ట అమ్ముడుపోలే."

"అమ్మద్దు. కొయ్యద్దు. నిలబడి చూడనిస్తే చాలు."

ట్రాన్స్‌పోర్టాయనకు వద్దని చెప్పేశారు. భూమి నిలబడింది. బాలమల్లు ఆ రోజు ఊళ్ళో ఛాతీ విరుచుకొని నడిచాడు. వచ్చే కార్లకు జాగా కావాలి కాబట్టి పది గుంటలు చదును చేసి కంకర పరిచారు. లారీల పార్కింగ్ కాదు కదా, కార్లదే కదా అని ఆయన సర్దుకున్నాడు. ఒకసారి తన చేనులో తాను కలుపు తీస్తుంటే కెమెరా మనిషి, "అంకుల్, ఫ్రేమ్‌ల పడుతున్నరు, జర పక్కకు జరగుండ్రి," అన్నాడు. ఆయన జరిగాడు.

పుష్యంలో పూలు ఎండిపోయాయి. బుకింగులు ఎండలేదు. జైపాల్ బేగంబజార్ నుంచి బట్టతో చేసిన గునుగు పూలు, తీగె కాడలవి, అయిదారు మూటలు తెచ్చాడు.

"నా చేన్ల బట్టపూలా?" బాలమల్లు మండిపడ్డాడు. "సిగ్గు లేదారా?"

"అయితే కాంక్రీటు పోద్దామా?"

ఆ పూలన్నీ ఆయనే నాటాడు. అచ్చుతోలినట్టు సాలుకు సాలు, మొక్కకు మొక్క ఎడం చూసి నాటాడు. కెమెరావాళ్ళు వచ్చి, "ఇట్ల లైన్ల ఉంటే నేచురల్‌గ ఉండదు అంకుల్" అని సగం పీకి అడ్డదిడ్డంగా గుచ్చారు. రోజూ పొద్దున ఈకల కుంచెతో దుమ్ము దులపడం ఆయన పని. ఎండలు నలభై నాలుగుకు పోయినప్పుడు గంగాధరరావు బండి ఆపుకొని ఆశ్చర్యంగా చేనులోకి దిగాడు. ఒక పువ్వు ముట్టుకున్నాడు. వేళ్ళతో నలిపి చూశాడు. బాలమల్లు తల దించుకున్నాడు. గంగాధరరావు కాసేపు ఆలోచించి, రోడ్డు దాకా వెనక్కి పోయి, అక్కణ్ణుంచి ఫోటో తీసుకున్నాడు. "దూరం నుంచి బాగా వచ్చిందండీ," అన్నాడు.

పూలమ్మ మాత్రం ఒకటే మాట పట్టుకుంది. "మూలకు ఐదు గుంటలు నాకు ఇడిసిపెట్టుండ్రి. జొన్నలు చల్లుకుంట. ఏమొచ్చినా రాకున్నా భూమిల గింజ పడాలె." ఎవరూ కాదనలేదు. ఆమె తానే చేతిపారతో నేల తవ్వి, గడ్డలు పగలగొట్టి, జొన్న విత్తనం గుడ్డసంచిలో పోసి పెట్టుకుంది.

ఆ యేడు మృగశిర మూడో రోజు, శనివారం మధ్యాహ్నం, తూర్పున మబ్బు లేచింది. ఎన్నేళ్ళకో కార్తె కార్తెగా వచ్చింది. చల్లగాలి తోలింది, మట్టివాసన ముందే వచ్చేసింది. పక్క చేన్లవాళ్ళు గింజల సంచులు పట్టుకొని ఉరుకుతున్నారు. పూలమ్మ తన ఐదు గుంటల మూలకు పోయి, చెప్పులు విడిచి, సంచి మూతి విప్పి నిలబడింది.

బాలమల్లు కూడా ఉరికాడు, పూల దిక్కుకు. మర్నాడు ఆదివారం, మూడు బుకింగులు. బేగంబజార్ రంగు వానకు తడిస్తే కారిపోతుంది. రెండు చేతులా పూలు పీకి గోనెలో కుక్కుతున్నాడు, వందలున్నాయి, చేతులు ఆడడం లేదు. పైన మబ్బు నల్లగా నెత్తి మీదికి వచ్చేసింది. ఆయన నడుము లేపి, ఆకాశం వైపు చేతులు జోడించి, గట్టిగా అరిచాడు.

"పో తల్లీ, పో! నీ కాల్మొక్త, జర పక్కకు పో! సోమారం రా!"

పూలమ్మ తిరిగి చూసింది. ఆమె చేయి సంచిలోనే ఆగిపోయింది. పక్క చేన్లో రైతు కూడా ఆగి చూశాడు. బాలమల్లుకు తాను ఏమన్నాడో అప్పుడు వినబడింది. చేతులు దించాడు.

మబ్బు ఆగలేదు. గాలి మళ్ళింది. నాలుగు చుక్కలైనా రాల్చకుండా హైవే వెంట పడమటికి పోయింది. చూస్తుండగానే అటు ఎల్‌బీ నగర్ దిక్కు ఆకాశం నల్లబడి, నేలకు దిగింది. ఇటు ఎండ కాసింది.

గంట తర్వాత జైపాల్ ఫోన్ చేశాడు. వెనక అరుపులు, హారన్లు. "నాయినా, దిల్‌సుఖ్‌నగర్‌ల వాన దంచుతున్నది. దుకాణంల మోకాళ్ళ లోతు నీళ్ళు, ఫోన్లన్నీ మునిగినయి. ఎల్‌బీ నగర్ చౌరస్తా చెరువైంది. రేపటి మూడు బుకింగులు క్యాన్సిల్ చేసుకున్నరు, ఎట్లొస్తరు? ఆడెట్లున్నది? పూలు తడిసినయా?"

"లేదు బిడ్డా," అన్నాడు బాలమల్లు. "ఈడ సుక్క పడలే."

పూలమ్మ సంచి మూతి కట్టేసింది. చెప్పులు తొడుక్కొని గట్టు మీదుగా వచ్చి, ఆయన ముందు ఒక్క క్షణం ఆగింది.

"నలభై ఏండ్లు మొక్కినవయ్యా రమ్మని," అంది. "ఒక్కనాడు ఇనలే. ఇయ్యాల పొమ్మన్నవు, ఇన్నది."

ఆమె ఇంటి దారి పట్టింది. బాలమల్లు చేతిలో బట్టపూలు అలాగే ఉన్నాయి. తప్పైంది తల్లీ అందామని తల పైకెత్తాడు. అక్కడ ఒక్క మబ్బు తునక కూడా లేదు.